నవ్వించు గొంతు – వినెడి చెవి



హైదరాబాదు నగరమున చిక్కడపల్లి, నారాయణగూడ, అశోకనగరము అను మూడు పేటలును ఇరుగుపొరుగు ఇండ్లవలె నొకదాని ప్రక్క నొకటి యున్నవి. చిక్కడపల్లిలో త్యాగరాయ గానసభ కలదు. పేరునకు గానసభయే గాని, అచ్చట పాటకచేరీలతోబాటు నాటకములు, నృత్యములు, హాస్యసభలు, ధ్వన్యనుకరణ ప్రదర్శనములు కూడ జరుగుచుండును. అచ్చటికి కొలదిదూరముననే నగర కేంద్ర గ్రంథాలయము. పోటీపరీక్షలకు చదువుకొను యువతీయువకులు ప్రొద్దుటినుండి పుస్తకములపై వంగియుందురు. మాయిల్లు అశోకనగరములోని యొక సందులో నున్నది. మావారు బడిపంతులు. నేను సాహిత్యము బడిలో నేర్చినదానను గాను. మా నాయనగారి పీటప్రక్కన కూర్చుండి ప్రబంధములును, కొంచెము సంస్కృతమును చదువుకొంటిని.

ఇట్టి నేను నవ్వించువారినిగూర్చి వ్రాయబూనుటకు కారణమున్నది. మా యాడుబిడ్డ కూతురు ఉద్యోగము చేసికొనుచు మాయింటనే యున్నది. సెలవుదినములందు చిన్నచిన్న సభలలో ఒంటరిగా నిలిచి హాస్యప్రసంగములు చేయును. అదిగాక సంగీతమునుగూర్చి పాడ్‌కాస్టు ఒకటి నడుపుచున్నది. ఈ రెండు పనులును మొదట నాకు మింగుడుపడలేదు. గౌరవముగల యింటి పిల్ల పదిమంది యెదుట నిలిచి నవ్వించుటయేమి, తలుపులు మూసికొని ఎవరును లేనిచోట మాటలాడుకొనుటయేమి అనుకొంటిని. ఇప్పుడు నా యభిప్రాయము మారినది. అది యెట్లు మారినదో చెప్పెదను.

ఒక్కరే నిలిచి నవ్వించుట మనకు క్రొత్తది కాదు. సంస్కృతమున దశరూపకములలో భాణ మను నొక రూపకమున్నది. దానికి అంకమొక్కటే, పాత్రయొక్కటే. ఆ యొక్కడే వీథివెంట పోవుచు, కనబడని మనుష్యులను పలుకరించి, వారి ప్రశ్నలను తానే విన్నట్లు నటించి, జవాబులు తానే చెప్పును. దీనిని ఆకాశభాషిత మందురు. నేటి యేకవ్యక్తి హాస్యములో ‘మా పక్కింటావిడ ఇట్లన్నది, నేనిట్లన్నాను’ అని ఒక్కరే ఇద్దరై పలుకుట ఆ భాణపు మనుమరాలే యని నాకు తోచుచున్నది.

భరతముని హాస్యమును ఆత్మస్థము, పరస్థమని రెండుగా విభజించెను. తాను నవ్వుట మొదటిది, పరులను నవ్వించుట రెండవది. నవ్వులో స్మితము మొదలు అతిహసితము వరకు ఆరు భేదములు చెప్పి, మందస్మితమును ఉత్తములకును, పగలబడి నవ్వుటను అధములకును ఒప్పగించెను. అచ్చటనే హాస్యరసము స్త్రీలయందును నీచపాత్రలయందును మిక్కిలిగా కనబడునని కూడ వ్రాసెను. మన లోకోక్తి యింకొక యడుగు ముందునకు వేసి, నవ్వే ఆడదానిని, ఏడ్చే మగవానిని నమ్మరాదన్నది. పెద్దలమీద గౌరవముతోనే యడుగుచున్నాను: మనయందు హాస్యము మిక్కిలిగా నున్న మాట నిజమైనచో, దానిని వేదికమీద వినిపించు వంతు వచ్చునప్పటికి మనమేల కనబడలేదు?

కనబడినవారు లేకపోలేదు. భానుమతీ రామకృష్ణగారు (1925–2005) నటి, గాయని, సంగీతదర్శకురాలు. 1953లో ‘చండీరాణి’ చిత్రమునకు దర్శకత్వము వహించినవారు. ఆమెయే ‘అత్తగారి కథలు’ వ్రాసి తెలుగిండ్లను నవ్వించినది. పాటయు హాస్యమును ఒక్క స్త్రీయందు ఇముడునని చూపుటకు అంతకన్న నిదర్శనమేల?

ఇక ఒంటరిగా వేదిక నేలినవారిలో తెలుగువారు మరువరానివారు ఓరుగల్లు వాస్తవ్యులు నేరెళ్ల వేణుమాధవ్ గారు. 1932 డిసెంబరు 28న జన్మించిరి. మావారివలెనే ఆయనయు కొంతకాలము ఉపాధ్యాయులుగా నుండిరి. రంగసామగ్రి లేదు, తోడి నటులు లేరు. ఒక్క గొంతుతో సినిమానటులను, నాయకులను, ఆంగ్లచిత్రములలోని ధ్వనులను సభలో నిలిపిరి. 1971లో ఐక్యరాజ్యసమితిలో ప్రదర్శన మిచ్చిరి. 1972 నుండి 1978 వరకు శాసనమండలి సభ్యులుగా నుండిరి. 2001లో పద్మశ్రీ పొందిరి. 2018 జూన్ 19న కాలధర్మము నొందిరి. ఆయన విద్యను గొంతువిద్య యని లోకమందురు. నాకు మాత్రము అది చెవివిద్య యనిపించును. ఒక మనిషి యెచ్చట ఊపిరి పీల్చునో, ఏ యక్షరముమీద ఆగునో, కోపము వచ్చినప్పుడు ఏ మాటను మ్రింగునో వినినవారే ఆ మనిషిని గొంతులోనికి తెచ్చుకొనగలరు. వినుటయందు శ్రద్ధ లేనివానికి అనుకరణ మబ్బదు.

ఈ సంగతి నాకు మా పిల్లవలన అనుభవమునకు వచ్చినది. దాని సాధన చూచినపిదప నవ్వించుట యెంత కష్టమో తెలిసినది. పండ్రెండు పుటలు వ్రాసినచో సభకు అయిదు నిమిషముల సరుకు మిగులును. నవ్వు తెప్పించు మాట వాక్యము నడుమ నున్నచో దానిని చివరకు జరుపును. ఆ మాటకు ముందు ఎంతసేపు ఆగవలెనో వ్రేళ్లమీద లెక్కపెట్టుకొనును. సంగీతములో పాట నెత్తుకొనుట తాళముతో సమముగానో, దానికి ముందో వెనుకో యుండునుగదా. హాస్యమునకును అట్టి యెత్తుగడయే ప్రాణమని దాని సిద్ధాంతము. రెప్పపాటు ముందైనచో సభ గ్రహింపదు; రెప్పపాటు వెనుకైనచో నవ్వు చల్లారును. ఎవరును నవ్వని రాత్రి ఇంటికి వచ్చి, మజ్జిగన్నము తిని, మాటలాడక మరల పుస్తకము తెరచును.

ఒక సాయంకాలము చిక్కడపల్లిలో నొక చిన్న సభకు నన్నును మావారిని పిలిచినది. మావారు పరీక్షపత్రములు దిద్దు తీరు మొదట చూపినది. పిమ్మట నా వంతు వచ్చినది. “మా అత్తయ్య పాడేది ఆదితాళం కాదండీ, కుక్కరుతాళం. మూడు కూతలకొక ఆవర్తనం. గ్యాసు అయిపోయిననాడు చరణం మధ్యలోనే కచేరీ సమాప్తం” అన్నది. సభ గొల్లుమన్నది. మావారును నవ్విరి. నాకు ముఖము వెచ్చబడినది. ఇంటికి రాగానే, “ఇంటిగుట్టు వీథిలో పెట్టితివి గదే” అంటిని. అది, “అత్తయ్యా, మీరు ఏ కూత దగ్గర ఏ సంగతి వేస్తారో కూడా నాకు తెలుసు. అంత శ్రద్ధగా మీ పాట ఇంకెవరైనా విన్నారా?” అన్నది. ఆలోచించితిని. నిజమే. పదునైదేండ్ల కాపురములో నా పాటను అంతగా వినినవారు లేరు.

కాని ఆనాడు అన్నిటికన్న పెద్దనవ్వు వచ్చినది నా మీద కాదు. మా అత్తగారి మీద. ఆమెకు ఎనుబది యేండ్లు దాటినవి. ఈ మధ్య మరపు వచ్చి, లాలిపాటలో నాలుగవ చరణము తోచక మొదటి చరణమునే మరల మరల పాడును. దానిని పిల్ల అనుకరించినది. రాత్రి భోజనమువేళ అత్తగారు, “ఏం చెప్పావే అంతమందికీ? నాకూ చెప్పు, నేనూ నవ్వుతా” అని యడిగినది. పిల్ల కుక్కరుకథ చెప్పినది, మామయ్య కథ చెప్పినది. మూడవది చెప్పలేకపోయినది. నోరు తెరచి మూసికొన్నది. మరునాడు ఆ ఘట్టమును పుస్తకములో కొట్టివేసినది. నేనొక్కమాటయు అనలేదు. ఎవరినిగూర్చి చెప్పితిమో వారి యెదుట మరల చెప్పగలిగినదే హాస్యము, తక్కినది ఎగతాళి. ఈ గీటురాయి వేదికకే కాదు, మన వాకిళ్ల ముచ్చటలకును చెల్లును.

ఇక పాడ్‌కాస్టు సంగతి. 2004 ఫిబ్రవరిలో బెన్ హామర్స్లీ అను ఆంగ్ల పాత్రికేయుడు గార్డియన్ పత్రికలో ఈ మాట వాడెను. ఐపాడ్ అను పాటల యంత్రము పేరును, ప్రసార మని యర్థమిచ్చు బ్రాడ్‌కాస్ట్ అను మాటను కలిపి పుట్టించినది. మనము శ్రవ్యపత్రిక యనవచ్చును. రేడియో చెప్పిన వేళకు మనము వినవలెను. ఇది మనకు తీరిక చిక్కిన వేళకు తాను వినిపించును. పప్పు ఉడుకుచుండగా విని, చుట్టము వచ్చినచో ఆపి, రాత్రి మిగిలినది వినవచ్చును.

గొంతుతోనే ఇల్లిల్లును చేరు విద్యకు మా ప్రక్క పేటయే సాక్షి. రేడియో అన్నయ్య న్యాయపతి రాఘవరావుగారును, రేడియో అక్కయ్య కామేశ్వరిగారును మదరాసునుండి 1956లో హైదరాబాదునకు వచ్చి, నారాయణగూడలో బాలానంద సంఘమును నెలకొల్పిరి. కంటికి కనబడని ఆ యన్నయ్యను, అక్కయ్యను పిల్లలు ఇంటివారినిగనే తలచిరి. హాస్యమును సంగీతమును ఒక్కచోట చేర్చుటయు ఈ నగరమునకు తెలిసినదే. 2001లో ‘హాసం’ అను హాస్య సంగీత పత్రిక ఇచ్చటనే వెలువడి కొన్నేండ్లు నడచినది. కావున మా పిల్ల చేయుచున్నది వింతపని కాదు. పాత తీగకు క్రొత్త పందిరి.

దానిని చేయు విధము చెప్పెదను, మీకును పనికివచ్చును. మంచి ఫోను ఒకటి చాలును. చిన్న గది చూచుకొని కిటికీలు మూసి, పంకా ఆపవలెను. బట్టల బీరువా తలుపులు తెరచి దాని యెదుట కూర్చున్నచో చీరలే ప్రతిధ్వనిని మ్రింగివేయును. ఫోనును నోటికి జానెడు దూరమున, కొంచెము ప్రక్కగా నుంచవలెను. ఎదురుగా నున్నచో ప, బ లు పలికినప్పుడు ఊపిరి తగిలి చప్పుడగును. మొదట పది సెకనులు ఊరకుండి గది నిశ్శబ్దమును గ్రహింపవలెను. తరువాత అతుకులు పడినచోట ఆ నిశ్శబ్దమే పూత. పాటకన్న మాట పెద్దదిగా గాని చిన్నదిగా గాని లేకుండ సరిచూడవలెను. నిమిషమునకు సుమారు 1 మెగాబైటు చొప్పున దాచినచో మాటకు చాలును.

చట్టము కూడ నెరిగియుండవలెను. 1957 నాటి కాపీరైటు చట్టము ప్రకారము రచనకు కర్త జీవితకాలమును, ఆపై 60 ఏండ్లును రక్షణ కలదు. ధ్వనిముద్రణమునకు, అది వెలువడిన మరుసటి సంవత్సరమునుండి 60 ఏండ్లు. కావున త్యాగరాజస్వామివారి (1767–1847) కృతిని మీ గొంతుతో మీరు పాడి వినిపించుటకు అడ్డులేదు. కాని నేటి విద్వాంసుల ముద్రణమును తెచ్చి అనుమతిలేక పెట్టరాదు. సినిమాపాటల విషయమునను జాగ్రత్త యవసరము. మనయిండ్లలో అవ్వలనాటినుండి వచ్చుచున్న లాలిపాటలకు, మంగళహారతులకు, అప్పగింతల పాటలకు ఈ చిక్కు సాధారణముగా లేదు. వానికున్న చిక్కు వేరు: పాడువారు పోయినచో అవియు పోవును.

మా పిల్ల తన శ్రవ్యపత్రికలో నొక భాగమును అమ్మమ్మ పాటలకే కేటాయించినది. ఆ దినము పంకా ఆపి, కుక్కరు దింపి, నన్ను తలుపు వెనుక కావలి యుంచినది. అత్తగారు లాలిపాట నెత్తుకొనినది. మూడు చరణములు సాగినవి. నాలుగవదానికడ ఆగినది. గదిలో చప్పుడు లేదు. ఆమె పెదవులు కదలుచున్నవి గాని మాట రాలేదు. కాపురమునకు వచ్చినది మొదలు వంటింటినుండి ఆ పాట వినుచున్నదానను. నాకు తెలియకయే తలుపు వెనుకనుండి ఆ చరణ మందించితిని. ఆమె ముఖము వికసించినది. ఇద్దరమును కలిసి ముగించితిమి.

తరువాత పిల్ల, “అమ్మమ్మా, నువ్వు ఆగినచోటు తీసేయనా?” అని యడిగినది. ఆమె, “ఎందుకే? మరచింది నేనే, అందుకుంది నా కోడలే. ఉండనీ” అన్నది. అట్లే యుంచినది.

అక్కచెల్లెండ్రారా! పాలు పొంగుటను, పసివాని యేడుపులోని భేదమును, గుమ్మములో అడుగుపెట్టినవారెవరో ఆ యడుగుల చప్పుడును చూడకయే తెలిసికొను చెవి మనది. ఆ చెవియే హాస్యమునకును, సంగీతమునకును పెట్టుబడి. మీయింట ఆడపిల్ల నలుగురిని నవ్వింపగలదైనచో గదమాయింపకుడు. గీటురాయి చేతికిచ్చి పంపుడు. మీయింట పెద్దామె పాడునదైనచో రేపటికి వాయిదా వేయకుడు. ఆమె యనుమతి నడిగి, పాట ఎవరి వద్ద నేర్చినదో ముందుగా ఆమెచేతనే చెప్పించి, గ్రహించి దాచుడు. నడుమ నామె మరచినచో మీరు అందుకొనుడు.