పెద్దలకు రచనాభ్యాసము - ఇంటి తెలుగు

తమిళనాట బడిచదువు తమిళమున సాగి, ఇంట తెలుగు పలుకుచు పెరిగిన పెద్దలు సాహిత్యసంఘముల రచనాశిక్షణకు వచ్చినపుడు వారిని ఆపునది శైలి కాదు, లిపి. మాట నోట నున్నది, చేతికి రాదు. 2006 నాటి తమిళ అభ్యసన చట్టము తరువాత బడిలో తెలుగునకు చోటు మఱింత ఇఱుకైనది.

ఇడైసేవల్ గ్రామమున 1923లో తెలుగింట జన్మించిన కి. రాజనారాయణన్, దక్షిణమునకు తరలిన తెలుగువారి వలసకథను ‘గోపల్ల గ్రామం’ నవలగా తమిళముననే వ్రాసిరి. దాని తరువాయి ‘గోపల్లపురత్తు మక్కళ్’కు 1991లో సాహిత్య అకాడమీ బహుమతి లభించినది. ఆయన పండితభాషను వీడి నల్లరేగడి సీమ పలుకుబడినే పట్టుకొనిరి. ఆ ధైర్యమే తెలుగున వ్రాయగోరువారికిని కావలసినది.

కావున తొలినాడు వ్యాకరణము వలదు. అవ్వ చెప్పిన కథను ఇంటి యాసలో, అవసరమైనచో తమిళాక్షరములతోనైనను వ్రాయనిచ్చి, పిమ్మట నలుగురు కూడి తెలుగు లిపిలోనికి మార్చవలెను. తమిళలిపిలో ‘కాలి’, ‘గాలి’ ఒకే తీరున నుండును. ఏది ఏదియో వ్రాసినవారు చదివి వినిపించినగాని తేలదు.