గ్యాస్ ఓడెక్కేదెలా?

సూరత్ అనగానే మగ్గాలు, చీరలు, అక్కడ స్థిరపడిన మన తెలుగు నేతన్నలు గుర్తొస్తారు. ఆ ఊరికి దగ్గర్లోనే, సముద్రం ఒడ్డున, హజీరా ఉంది. 2005 నుంచి అక్కడికి ఓడల్లో సహజవాయువు వస్తోంది, అదీ ద్రవంగా! మైనస్ 162 డిగ్రీల సెల్సియస్ దాకా చల్లబరిస్తే అది సుమారు 600వ వంతు చోటులో ఇమిడిపోతుంది.

చిత్రమేమిటంటే, బళ్లో చెప్పే వాయు సూత్రం 'పీవీ = ఆర్‌టీ' (పీ పీడనం, వీ ఘనపరిమాణం, టీ ఉష్ణోగ్రత, ఆర్ ఒక స్థిరాంకం) ప్రకారం ఇలా ద్రవం కావడం జరగనే కూడదు. ఆ సూత్రంలో అణువులకు సైజూ లేదు, ఒకదానిమీద ఒకదానికి ఆకర్షణా లేదు. మరి ద్రవంగా గుమిగూడేదెలా?

1873లో డచ్చి శాస్త్రవేత్త వాన్ డర్ వాల్స్ ఆ సూత్రాన్ని సరిదిద్దాడు. కిక్కిరిసిన బస్సులో తిరగడానికి మిగిలే చోటెంత? అందుకే ఒక మోల్ వాయువు ఘనపరిమాణం వీ నుంచి అణువుల వాటా బీ తీసేశాడు. ఇక ఆకర్షణ. గోడను గుద్దబోయే అణువును వెనకున్నవి లాగుతాయి. లాగేవీ, గుద్దేవీ రెండూ సాంద్రతను బట్టే ఉంటాయి కాబట్టి పీడనం ఏ/వీ² మేర తగ్గుతుంది; ఇక్కడ 'ఏ' ఆ ఆకర్షణ ఎంత బలమైనదో చెప్పే సంఖ్య. తగ్గినదాన్ని తిరిగి కలిపితే:

(పీ + ఏ/వీ²)(వీ − బీ) = ఆర్‌టీ

చల్లబడి అణువుల పరుగు మందగిస్తే 'ఏ'దే పైచేయి, వాయువు ద్రవమవుతుంది. హజీరాలో మళ్లీ వేడి అందగానే అణువులు విడిపోయి పైపుల్లో పరుగందుకుంటాయి.