ఒకే పెట్టె, ఇద్దరు యజమానులు

రాత్రి పడుకునే ముందు ఇంటి తలుపు గడియ సరిచూసుకుంటాము. కానీ ఇంటర్నెట్ ఇంట్లోకి ప్రవేశించే ద్వారం ఎవరి అధీనంలో ఉందో ఎన్నడైనా ఆలోచించామా?

2018 మే నెలలో 'వీపీఎన్‌ఫిల్టర్' అనే హానికర ప్రోగ్రామ్ 54 దేశాల్లో కనీసం 5 లక్షల రౌటర్లు, నిల్వ పరికరాల్లో చొరబడిందని సిస్కో పరిశోధకులు వెల్లడించారు. రౌటర్‌ను నడిపించే అంతర్గత సాఫ్ట్‌వేర్‌ను ఫర్మ్‌వేర్ అంటారు. కొన్నేళ్ల తర్వాత తయారీదారులు దానిని సరిదిద్దడం మానేస్తారు. పరికరం పనిచేస్తూనే ఉంటుంది, లోపాలు మాత్రం అలాగే మిగిలిపోతాయి.

దీనికి ఒక పరిష్కారం ఓపెన్‌సోర్స్ ఫర్మ్‌వేర్. లింక్‌సిస్ 'డబ్ల్యూఆర్‌టీ54జీ' రౌటర్‌లో లినక్స్ ఉన్నట్లు బయటపడటంతో, లైసెన్సు షరతు మేరకు 2003లో ఆ సంస్థ సోర్స్ కోడ్‌ను విడుదల చేసింది. ఆ పునాదిపైనే 2004లో 'ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ' మొదలైంది. అది ఉచితం. దాని కోడ్‌ను ఎవరైనా పరిశీలించవచ్చు.

కేబుల్ పెట్టెలో చిక్కు

అమెరికాలో తెలుగువారి ఇళ్లతో సహా ఎన్నో ఇళ్లకు ఇంటర్నెట్ టీవీ కేబుల్ ద్వారా వస్తుంది. మోడెమ్, రౌటర్ కలిసిన ఒకే పెట్టెను కంపెనీ అద్దెకిస్తుంది. అందులో ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ వేసుకోవచ్చా? సాధారణంగా వీలుకాదు.

కారణం ఉంది. ఒకే కేబుల్‌ను ఎన్నో ఇళ్లు పంచుకుంటాయి. ప్రతి మోడెమ్ తనకు కేటాయించిన పౌనఃపున్యంలో, కేటాయించిన క్షణంలోనే సంకేతం పంపాలి. ఒకటి నియమం తప్పితే పొరుగువారి సేవకూ అంతరాయమే. అందుకే 'డాక్సిస్' ప్రమాణం మోడెమ్‌ను కంపెనీ అధీనంలో ఉంచింది. మోడెమ్ మేల్కొనగానే కంపెనీ నుండి ఆదేశాల ఫైలు తెచ్చుకుంటుంది. డిజిటల్ సంతకం లేని ఫర్మ్‌వేర్‌ను స్వీకరించదు.

ఈ ఏర్పాటుకు మరో పార్శ్వమూ ఉంది. 2020 జనవరిలో డెన్మార్క్ పరిశోధకులు బ్రాడ్‌కామ్ చిప్ గల మోడెమ్‌లలో 'కేబుల్ హాంట్' అనే లోపాన్ని బయటపెట్టారు. ఒక్క యూరప్‌లోనే 20 కోట్ల మోడెమ్‌లకు ముప్పు ఉందని వారి అంచనా. కొనుగోలుదారు స్వయంగా చేయగలిగింది లేదు. కంపెనీ సవరణ పంపేదాకా వేచి ఉండాల్సిందే.

మన చేతిలో ఉన్నది

పెట్టెలోని రౌటర్ భాగాన్ని నిద్రపుచ్చి, మోడెమ్‌ను మాత్రమే పనిచేయించే 'బ్రిడ్జ్ మోడ్' ఉందేమో కంపెనీని అడగండి. ఆపై వేరే రౌటర్ కొని అందులో ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ వేసుకోండి. కొనేముందు ఆ ప్రాజెక్టు ప్రచురించే పరికరాల పట్టికలో మోడల్‌తోపాటు దాని వెర్షన్ సంఖ్యనూ సరిచూడండి. ఒకే పేరున్న రెండు వెర్షన్లలో వేర్వేరు చిప్‌లు ఉండవచ్చు. 16 ఎంబీ ఫ్లాష్, 128 ఎంబీ ర్యామ్ ఉంటే మేలు.

ఫర్మ్‌వేర్ ఎక్కించేటప్పుడు వైఫైని నమ్ముకోకుండా తీగతో కలపండి. పని పూర్తయ్యేదాకా కరెంటు పోకుండా చూడండి. తొలుత పాస్‌వర్డ్ ఉండదు కనుక వెంటనే పెట్టుకోండి. తర్వాత అతిథులకు వేరే వైఫై, పిల్లల ఫోన్లకు వేళలు, టీవీ, కెమెరాలకు విడి నెట్‌వర్క్ ఏర్పాటు చేసుకోవచ్చు. కొత్త సవరణ వచ్చినప్పుడల్లా వేసుకోవడం మరువకండి. ఇకపై ఆ బాధ్యత కంపెనీది కాదు, మనదే.

మోడెమ్ కంపెనీ అధీనంలోనే ఉంటుంది. దాని వెనుక మన ఇంటి నెట్‌వర్క్‌కు మాత్రం మనమే కాపలా ఉండగలం.