నీలి లైటు కింద బిగిసే సిమెంటు

పిప్పి పన్నుకు ఇప్పుడు ఎక్కువగా పెడుతున్నది పంటి రంగులోనే ఉండే సిమెంటు. డాక్టరు మెత్తటి ముద్దను గుంతలో అద్ది, ఇరవై సెకన్లు నీలి లైటు పట్టగానే బిగుసుకుంటుంది. ‘ప్లాస్టిక్కే కదా, లోపలి నరానికి ఏమీ కాదా?’ అని అడిగేవాళ్లున్నారు. అడగాల్సిన ప్రశ్నే.

దీనికి మూలం అమెరికాలో రాఫెల్ బోవెన్ 1962లో పేటెంటు పొందిన బిస్-జీఎంఏ అనే రెజిన్. అది బాగా జిగట. దాన్ని పలచన చేయడానికి టెగ్‌డీఎంఏ అనే మరో రెజిన్, గట్టిదనానికి సన్నటి గాజుపొడి కలుపుతారు. క్యాంఫర్‌క్వినోన్ అనే పసుప్పచ్చ పదార్థం నీలి కాంతిని పీల్చుకుని, విడివిడిగా ఉన్న అణువులను గొలుసులుగా అల్లడం మొదలుపెడుతుంది. ఆ అల్లిక ఎప్పుడూ నూటికి నూరు పాళ్లు పూర్తికాదు. కలవాల్సిన బంధాల్లో సుమారు సగం నుంచి ముప్పాతిక దాకా కలుస్తాయి. మిగిలినవాటిలో చాలావరకు ఒక కొసతో గొలుసుకే అతుక్కుని ఉంటాయి. ఏ కొసా అతకని కొద్దిపాటి అణువులే బయటికి ఊరతాయి, అదీ ఎక్కువగా మొదటి ఒకటి రెండు రోజుల్లో.

ప్రయోగశాలలో కణాల మీద టెగ్‌డీఎంఏ తగినంత మోతాదులో వేస్తే, కణాన్ని కాపాడే గ్లూటాథయోన్ తరిగిపోయి కణాలు చచ్చిపోతాయి. ఇది నిజమే. కానీ గాజుపళ్లెంలోని కణాలకు డెంటిన్ అనే పంటి లోపలి గట్టి పొర అడ్డం లేదు, రక్తప్రసారం లేదు. నోట్లో గుంతకూ నరానికీ మధ్య అర మిల్లీమీటరు డెంటిన్ మిగిలినా చాలావరకు కాపు కాస్తుంది. అంతకన్నా లోతుగా తొలిస్తే, డాక్టరు ముందు కాల్షియం హైడ్రాక్సైడ్ లాంటి పూత వేసి, ఆపైన సిమెంటు పెడతారు.

కాబట్టి మందు పేరు కన్నా పెట్టే తీరును చూడాలంటాను. రెండు మిల్లీమీటర్లకు మించని పొరలుగా వేసి, ప్రతి పొరకూ విడిగా లైటు పట్టాలి. లైటు కొనకు పాత సిమెంటు అంటుకుని ఉన్నా, దాన్ని దూరంగా పట్టుకున్నా అడుగుపొర పచ్చిగానే ఉండిపోతుంది. పైపొర గాలి తగిలి జిగటగా మిగులుతుంది గనక, చివర్లో దాన్ని తీసేసే పాలిష్ సోకు కోసమే అనుకోకండి.

బిస్‌ఫెనాల్-ఏ అనే రసాయనం గురించిన భయమూ ఒకటుంది. కొన్ని రకాల్లో అది లేశమాత్రంగా బయటపడుతుంది, అదీ పెట్టిన కొత్తలోనే. పెట్టగానే నోరు పుక్కిలించి ఉమ్మేస్తే ఇంకా తగ్గుతుంది.

అసలు రోజూ ఈ పచ్చి రెజిన్‌తో మెలిగేది డాక్టర్లూ అసిస్టెంట్లూ. ఇందులోని చిన్న అణువులు మామూలు గ్లవ్స్‌లోంచి నిమిషాల్లోనే దూరిపోతాయి. వేళ్లు పగిలి దురదపెట్టే ఎలర్జీ వాళ్లలో కొత్త కాదు. ముద్దను వేలితో సర్దకుండా పరికరంతోనే అద్దడం అందుకే.