షరతుల కాగితం వెనుక శరీరధర్మం

పొట్ట కొవ్వు తీయించుకోవడానికో, ముక్కు సరిచేయించుకోవడానికో, జుట్టు నాటించుకోవడానికో కాస్మెటిక్ క్లినిక్‌కి వెళ్తే, డాక్టరుతో మాట్లాడి బయటికి వచ్చేలోగా చేతిలో రెండు మూడు కాగితాలు పెడతారు. ఆపరేషన్‌కి నాలుగు వారాల ముందే పొగ మానాలి, జ్వరం ఉంటే తేదీ వాయిదా పడుతుంది, వెంట మనిషి ఉంటేనే ఇంటికి పంపుతాం, అడ్వాన్సు వెనక్కి ఇవ్వం, తేడా వస్తే మళ్ళీ సరిచేయడానికి ఏడాది ఆగాలి అని వాటిలో ఉంటుంది. చాలామంది ధర రాసిన పేజీ చూసి, మిగతావి తిరగేసి సంతకం పెట్టేస్తారు. ఆ షరతుల్లో కొన్ని మన రక్తనాళాలూ ఊపిరితిత్తులూ పెట్టినవి. కొన్ని క్లినిక్ లెక్కల పుస్తకం పెట్టినవి. ఏది ఏదో తెలిస్తే దేనికి కట్టుబడాలో, దేన్ని నిలదీయాలో తెలుస్తుంది.

పొగ సంగతి చూద్దాం. టమ్మీ టక్ అనే ఆపరేషన్‌లో పొత్తికడుపు దిగువన అడ్డంగా కోసి, చర్మాన్నీ దాని కింది కొవ్వునూ కండరం మీద నుంచి దాదాపు పక్కటెముకల దాకా విడదీస్తారు. ఆ చర్మాన్ని కిందికి లాగి, మిగులు కత్తిరించి కుట్టేస్తారు. చర్మానికి కండరంలోంచి పైకొచ్చే సన్నని రక్తనాళాల్లో చాలా భాగం ఈ విడదీతలో తెగిపోతాయి. ఇక పైనుంచీ పక్కలనుంచీ వచ్చే రక్తమే దిక్కు. అది కుట్టు దగ్గరి అంచుదాకా ప్రయాణం చేయాలి. కాలువ చివరి ఆయకట్టు రైతుకు ఈ పరిస్థితి బాగా తెలుసు: పైన నీళ్ళు కాస్త తగ్గితే ముందు ఎండేది అతని మడే. నికోటిన్ చర్మపు రక్తనాళాలను బిగిస్తుంది. సిగరెట్ పొగలోని కార్బన్ మోనాక్సైడ్ హీమోగ్లోబిన్‌ను పట్టుకుని, ఆక్సిజన్‌కి చోటు లేకుండా చేస్తుంది. వచ్చే రక్తమే తక్కువ, అందులో ఆక్సిజన్ ఇంకా తక్కువ. అంచు నల్లబడి చర్మం చచ్చిపోతుంది, కుట్లు విడిపోతాయి, నెలల తరబడి డ్రెస్సింగులు చేయించుకోవాలి.

అందుకే కనీసం నాలుగు వారాల ముందు, నాలుగు వారాల తర్వాత పొగ వద్దంటారు. ఇక్కడ మనవాళ్ళు పొరపడే చోటు ఒకటుంది. సిగరెట్ మానేసి ఖైనీకో గుట్కాకో మారితే కార్బన్ మోనాక్సైడ్ బెడద పోతుంది గానీ నికోటిన్ పోదు. మానడానికి వాడే నికోటిన్ గమ్, ప్యాచ్ కూడా రక్తనాళాన్ని బిగించేవే. కొన్ని క్లినిక్‌లు ఆపరేషన్‌కి ముందు మూత్రంలో కోటినిన్ పరీక్ష చేస్తాయి. అది శరీరంలో నికోటిన్ మారే పదార్థం, ఖైనీ వేసుకున్నా బయటపడుతుంది. పరీక్షలో దొరికితే ఆపరేషన్ రద్దు అని రాసిన క్లినిక్ మీద కోపం తెచ్చుకోకండి. అది మీ చర్మాన్ని కాపాడే షరతు.

మందుల జాబితా విషయంలోనూ ఇదే శ్రద్ధ కావాలి. ఆస్పిరిన్ వేసుకుంటే రక్తంలోని ప్లేట్‌లెట్లు తమ పని శాశ్వతంగా పోగొట్టుకుంటాయి. వాటికి కేంద్రకం ఉండదు కాబట్టి పాడైన ఎంజైమును మళ్ళీ తయారు చేసుకోలేవు. కొత్తవి పుట్టి పాతవాటి చోటు నింపడానికి 7 నుంచి 10 రోజులు పడుతుంది, ఆపమని చెప్పే గడువు కూడా అదే. అయితే గుండెలో స్టెంట్ ఉన్నవాళ్ళు గుండె డాక్టరును అడగకుండా ఆస్పిరిన్ ఆపకూడదు, అది ప్రాణాల మీదికి తెస్తుంది. చేప నూనె గుళికలు, విటమిన్ ఇ, వెల్లుల్లి మాత్రలు, ఆయుర్వేదం, హోమియో, జిమ్‌లో తీసుకునే పౌడర్లు మందులు కావనుకుని చెప్పకుండా ఉండొద్దు. బరువు తగ్గడానికి వారానికొకసారి వేసుకునే సెమాగ్లూటైడ్ ఇంజెక్షన్ జీర్ణాశయం ఖాళీ అయ్యే వేగాన్ని తగ్గిస్తుంది. మత్తు డాక్టరుకి అది తప్పక తెలియాలి.

ఈ వివరాలు రాబట్టే చోట మన కుటుంబాల మర్యాద అడ్డొస్తుంది. పక్కన అత్తగారు కూర్చుంటే ఏ కోడలు గర్భనిరోధక మాత్రలు వాడుతున్నానని చెబుతుంది? తండ్రి ఎదుట ఏ కొడుకు రోజుకి ఎన్ని సిగరెట్లో చెబుతాడు? ఆ మాత్రల్లోని ఈస్ట్రోజన్ కాళ్ళ సిరల్లో రక్తం గడ్డకట్టే ప్రమాదాన్ని పెంచుతుంది. గంటల తరబడి కదలకుండా పడుకునే ఆపరేషన్ ఆ ప్రమాదాన్ని ఇంకా పెంచుతుంది. ఆ గడ్డ ఊపిరితిత్తికి చేరితే మనిషి దక్కకపోవచ్చు. డాక్టరుతో ఒంటరిగా పది నిమిషాలు మాట్లాడాలని అడగండి. అందులో తప్పేమీ లేదు.

జ్వరం, జలుబు ఉన్నా, రక్తం తక్కువున్నా వాయిదా వేస్తామనడం కూడా శరీరం పెట్టిన షరతే. జలుబు చేసిన శ్వాసనాళం మత్తులో ఉన్నట్టుండి బిగుసుకుపోవచ్చు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో 15 నుంచి 49 ఏళ్ళ మహిళల్లో 57 శాతం మందికి రక్తహీనత ఉంది. ప్రాణావసరం కాని ఆపరేషన్‌ని ఆ స్థితిలో చేయడం కన్నా రెండు నెలలు ఆగి, ఐరన్ మాత్రలు వాడి రావడం మేలు. పరగడుపు నియమం కూడా ఇలాంటిదే. మత్తులో గొంతు కాపలా కాయదు, జీర్ణాశయంలో ఉన్నది పైకి తన్ని ఊపిరితిత్తుల్లోకి జారుతుంది. మంచినీళ్ళు రెండు గంటల ముందు దాకా తాగొచ్చు, తేలికపాటి తిండికి ఆరు గంటలు, నూనె వంటకాలకు ఎనిమిది గంటలు ఎడం ఉండాలన్నది మత్తు వైద్యులు పాటించే లెక్క. పాలు పోసిన టీ మంచినీళ్ళ కిందికి రాదు. దాన్ని తిండిగానే లెక్కించాలి.

లైపోసక్షన్ దగ్గర కొంచెం ఆగుదాం, ఎందుకంటే దీన్ని అందరూ చిన్న పని అనుకుంటారు. ఇప్పుడు వాడుతున్న పద్ధతిని 1987లో అమెరికన్ చర్మవైద్యుడు జెఫ్రీ క్లైన్ ప్రచురించారు. సెలైన్‌లో లిగ్నోకెయిన్ అనే మొద్దుబార్చే మందునీ అడ్రినలిన్‌నీ బాగా పలచగా కలిపి కొవ్వు పొరలోకి లీటర్ల కొద్దీ ఎక్కిస్తారు. అడ్రినలిన్ రక్తనాళాలను ముడుచుకునేలా చేస్తుంది కాబట్టి రక్తస్రావం చాలా తగ్గుతుంది. మామూలుగా అడ్రినలిన్‌తో కలిపి ఇచ్చినా లిగ్నోకెయిన్ శరీర బరువులో కిలోకి 7 మిల్లీగ్రాములు దాటకూడదంటారు. ఈ పద్ధతిలో 35 మిల్లీగ్రాముల దాకా ఇవ్వొచ్చని క్లైన్ చూపించారు. కొవ్వులోంచి మందు రక్తంలోకి నెమ్మదిగా కలవడం వల్లే అది సాధ్యమైంది. చిక్కు కూడా ఆ నెమ్మదిలోనే ఉంది. రక్తంలో మందు మోతాదు అత్యధికంగా ఉండేది ఆపరేషన్ అయిన వెంటనే కాదు, దాదాపు పన్నెండు గంటల తర్వాత. పొద్దున ఆపరేషన్ అయి సాయంత్రం ఇంటికి వెళ్ళిన మనిషికి రాత్రి పది, పదకొండు గంటలకు పెదాలు తిమ్మిరెక్కడం, చెవుల్లో హోరు, మాట తడబడటం మొదలైతే అవి మందు ఎక్కువైందనడానికి గుర్తులు. తర్వాత ఫిట్స్ రావొచ్చు, గుండె లయ తప్పొచ్చు. ‘వెంట మనిషి ఉండాలి, ఇరవై నాలుగు గంటలు ఒంటరిగా వదలొద్దు’ అనే షరతుకి ఇదీ ఒక కారణం. కాబట్టి అర్ధరాత్రి ఫోన్ చేస్తే ఎత్తేది డాక్టరా, రిసెప్షనా అని ముందే అడిగి, నంబరు కాగితం మీద రాయించుకోండి.

ఒక విడతలో తీసేది 5 లీటర్లు దాటితే దాన్ని పెద్ద ఆపరేషన్‌గా పరిగణిస్తారు, రాత్రంతా ఆసుపత్రిలో కనిపెట్టి ఉండాలి. పొట్ట, తొడలు, చేతులు అన్నీ ఒకేరోజు చేస్తాం, ప్యాకేజీలో ఇంత తగ్గుతుంది అనే మాట మాత్రం శరీరం చెప్పింది కాదు. ఆపరేషన్ సమయం పెరిగేకొద్దీ గడ్డకట్టే ప్రమాదమూ, ఒళ్ళు చల్లబడటమూ పెరుగుతాయి. లైపోసక్షన్ ఆకృతిని సరిదిద్దుతుంది గానీ ఊబకాయానికి మందు కాదు. ఆ సంగతి చెప్పి వెనక్కి పంపే డాక్టరు మీ మేలు కోరేవాడు.

కాగితంలో ఉన్నవాటి కన్నా లేనివి ఎక్కువ ఆలోచించాల్సినవి. అసలు కత్తి పట్టేది ఎవరు? 2016లో చెన్నైలో జుట్టు నాటించుకోవడానికి వెళ్ళిన ఒక వైద్య విద్యార్థి ప్రాణాలు కోల్పోయాడు. తలకి ఇచ్చే ఇంజెక్షన్లు మొద్దుబార్చేవే అయినా అవి కూడా మందులే, వికటిస్తే క్షణాల్లో స్పందించే మనుషులూ ఆక్సిజనూ ఆ గదిలో ఉండాలి. వర్క్‌షాపులకు వెళ్ళీ, యూట్యూబ్ వీడియోలు చూసీ సౌందర్య శస్త్రచికిత్సలు మొదలుపెట్టడం కుదరదని జాతీయ వైద్య కమిషన్ 2022లో మార్గదర్శకాల్లో చెప్పాల్సి వచ్చింది. ప్లాస్టిక్ సర్జరీలో ఎం.సి.హెచ్. లేదా దానికి సమానమైన జాతీయ బోర్డు పట్టా ఉందా అని అడగండి. జుట్టు విషయంలో శిక్షణ పొందిన చర్మవైద్యులూ చేయొచ్చు. కొద్దిపాటి కాలపు కాస్మెటాలజీ సర్టిఫికెట్ ఈ పట్టాలకు సాటి రాదు. రిజిస్ట్రేషన్ నంబరు తీసుకుని వైద్య మండలి జాబితాలో పేరు సరిచూసుకోవచ్చు. సమ్మతి పత్రంలో ‘డాక్టరు, వారి బృందం’ అని ఉంటే ఆపరేషన్ చేసేవారి పేరు, మత్తు డాక్టరు పేరు రాయించండి. పరిస్థితి విషమిస్తే ఏ ఆసుపత్రి ఐసీయూకి తీసుకెళ్తారు, ఆ బిల్లు ఎవరిది అన్నది కూడా అందులో ఉండాలి.

ఏ పనికి సమ్మతి ఇచ్చారో ఆ పనే చేయాలని, ప్రాణాపాయం ముంచుకొస్తే తప్ప అదనంగా ఏమీ చేయకూడదని, లాభనష్టాలూ వేరే మార్గాలూ ముందే చెప్పాలని సమీరా కోహ్లీ కేసులో సుప్రీంకోర్టు 2008లో స్పష్టం చేసింది. ఇంగ్లీషులో ఉన్న పత్రాన్ని తెలుగులో వివరించమని అడగడం మీ హక్కు. మీ ఫొటోలు ప్రచారానికి వాడుకుంటామనే వాక్యం మధ్యలో ఎక్కడో ఉంటుంది. ఇష్టం లేకపోతే దాన్ని కొట్టేసి పక్కన సంతకం పెట్టండి.

మళ్ళీ సరిచేయడానికి ఏడాది ఆగాలన్న షరతు మాత్రం నిజాయితీ గలది. గాయం ఆరు వారాలకు చాలా బలం పుంజుకున్నా, మామూలు చర్మపు బలంలో 80 శాతం దాటి ఎప్పటికీ చేరదు. మచ్చ కొన్ని నెలలు ఎర్రగా గట్టిగా ఉండి, ఏడాది, ఏడాదిన్నర పాటు మెత్తబడుతూ ఉంటుంది. ముక్కు కొనకు వచ్చిన వాపు పూర్తిగా దిగడానికి ఏడాది పట్టొచ్చు, మందమైన చర్మం ఉంటే ఇంకా ఆలస్యం. నాటిన వెంట్రుకలు మొదటి రెండు నెలల్లో చాలావరకు రాలిపోతాయి, మూడు నాలుగు నెలలకు కొత్తవి మొలుస్తాయి, ఫలితం ఏడాదికి గానీ తేలదు. మాఘమాసంలో పెళ్ళి పెట్టుకుని కార్తికంలో ముక్కు ఆపరేషన్‌కి వెళ్ళేవాళ్ళు ఈ లెక్క ఒకసారి వేసుకోవాలి. అమెరికా నుంచి మూడు వారాల సెలవు మీద హైదరాబాదు వచ్చి చివరి వారంలో చేయించుకోవడం మరీ ప్రమాదం. ఇన్‌ఫెక్షన్, చర్మం కింద నీరు చేరడం లాంటివి బయటపడే రోజుల్లో మీరు విమానంలోనో, మీ సర్జన్‌కి వేల మైళ్ళ దూరంలోనో ఉంటారు. ఆ సుదీర్ఘ ప్రయాణం కాళ్ళలో గడ్డల ప్రమాదాన్ని కూడా పెంచుతుంది. ఏడాది ఆగినాక మళ్ళీ చేయాల్సి వస్తే సర్జన్ ఫీజు ఒక్కటే మాఫీనా, థియేటరు, మత్తు ఖర్చులు మీవేనా అన్నది మాత్రం డబ్బు ప్రశ్న. దానికి జవాబు రాతలో ఉండాలి.

ధర విషయంలో ఇంకో మాట. వైద్యసేవలకు జీఎస్టీ లేకపోయినా కేవలం అందం కోసం చేసే శస్త్రచికిత్సకూ జుట్టు నాటడానికీ అది పడుతుంది. చెప్పిన ధరలో ఆ పన్ను కలిసి ఉందో లేదో అడగండి. ప్రమాదం, కాలిన గాయాలు, క్యాన్సర్ తర్వాతి పునర్నిర్మాణం కాకపోతే ఆరోగ్య బీమా ఈ ఖర్చు ఇవ్వదు. ఈరోజే అడ్వాన్సు కడితే తగ్గిస్తాం అనే చోట లేచి రావడమే మంచిది. తొందరేమీ లేని ఆపరేషన్‌కి తొందరపెట్టే క్లినిక్ రేపు జ్వరం ఉన్నా తేదీ మార్చదు.

అడిగితే రోగికి తన వైద్య రికార్డులు 72 గంటల్లో ఇవ్వాలని 2002 నాటి భారత వైద్య మండలి నిబంధనలు చెబుతున్నాయి. అంతదాకా ఆగకుండా, సంతకం పెట్టబోయే పత్రాల నకలు ముందే అడిగి ఇంటికి తీసుకెళ్ళండి, వారం రోజులు చదవండి, మీ ఊళ్ళో మీకు తెలిసిన డాక్టరుకి చూపించండి. ఆ నకలు ఇవ్వనంటే ఆ క్లినిక్‌లో ఆపరేషన్ చేయించుకోకండి.