అపొస్తలుల రొట్టె

అపొస్తలుల కార్యములలో మనం చదివే మెలితే ద్వీపమే నేటి మాల్టా దేశం. పద్నాలుగు దినాలు ఆహారం ముట్టక అలసిన ఓడవారి ఎదుట పౌలు రొట్టె విరిచి, వారిని తినమని ధైర్యపరచాడు. ఓడ బద్దలైనా ఆ 276 మందీ ప్రాణాలతో ఒడ్డు చేరారు. వానలో, చలిలో వణుకుతున్న వారిని ద్వీపవాసులు నిప్పు రాజబెట్టి ఆదరించారు.

నేడు ఆ దేశంలో శ్రమల వారం వచ్చిందంటే రొట్టెల దుకాణాలలో ‘అపొస్తలుల రొట్టె’ కనిపిస్తుంది. ఇది పులిసిన పిండితో కడియంలా గుండ్రంగా చేసి, నువ్వులు అద్ది, పైన బాదం పప్పులు గుచ్చి కాల్చే తియ్యని రొట్టె. గుడ్‌ఫ్రైడే ముందురోజైన గురువారంతో దీనికి ప్రత్యేక సంబంధం ఉంది. ప్రభువు తన శిష్యులతో కడరాత్రి భోజనం చేసినది ఆ దినమే గదా!

ఆ వారంలో అక్కడి అనేక ఊళ్లలో ప్రభువు భోజనపు బల్లను రొట్టెలతో, ఇతర పదార్థాలతో అలంకరించి ప్రదర్శిస్తారు. జనం కుటుంబాలతో వచ్చి చూస్తారు. తరువాత ఆ ఆహారాన్ని అవసరతలో ఉన్నవారికి పంచే ఆచారం కూడా ఉంది.

ప్రియ చదువరులారా, బల్ల ఎంత అందంగా ఉన్నా చూపులతో కడుపు నిండదు. రొట్టె చేతులు మారినప్పుడే అది ఆకలి తీరుస్తుంది. ఈ శ్రమల దినాలలో మన ఇంట వండినదానిలో ఒక పాలు ఎవరి గుమ్మానికి చేరాలో కుటుంబమంతా కూర్చుని ఆలోచిద్దామా?