మీకు తెలుసా? పిల్లలు డ్రాగన్‌ను తినేసే పండగ!

ఏటా సెప్టెంబర్ 29న వాల్డార్ఫ్ బడుల్లోకి డ్రాగన్ వస్తుంది! ఆ రోజు మైకేల్‌మస్, అంటే ఘటసర్పాన్ని, అదే డ్రాగన్‌ను, ఓడించిన దేవదూత మిఖాయేలు పండగ. దాన్నే ఈ బడులు ధైర్యానికి పండగగా చేస్తాయి.

ఇంతకీ ఆ డ్రాగన్‌కి కాళ్లెన్నో చెప్పండి? కొన్నిచోట్ల తరగతి తరగతంతా ఒకే పొడవాటి గుడ్డ కింద దూరి నడుస్తుంది కనుక, ముప్పై మంది ఉంటే అరవై కాళ్లు!

ఆఖరికి దాన్ని కొరుక్కుతింటారు కూడా! భయపడకండి, అది పిల్లలూ టీచర్లూ పిండి పిసికి కాల్చిన డ్రాగన్ రొట్టె.

ధైర్యం నేర్పే ఈ బడుల పేరు ఎక్కడిదనుకున్నారు? సిగరెట్ ఫ్యాక్టరీది! 1919లో జర్మనీలోని స్టుట్‌గార్ట్‌లో వాల్డార్ఫ్ ఆస్టోరియా ఫ్యాక్టరీని నడిపే ఎమిల్ మోల్ట్, తన కార్మికుల పిల్లల కోసం తత్వవేత్త రుడాల్ఫ్ స్టైనర్ చేత మొదటి బడి పెట్టించాడు. 256 మందితో మొదలైన ఆ బడి లాంటివి ఇప్పుడు ప్రపంచమంతటా వెయ్యికి పైనే. మన హైదరాబాద్‌లోనూ ఉన్నాయి!

సెప్టెంబర్ ఆఖర్లోనే ధైర్యానికి పండగ ఎందుకో? యూరప్‌లో చీకటి ముంచుకొచ్చేది అప్పుడే! డిసెంబర్‌లో లండన్ పగలు 8 గంటలు కూడా నిండదు. మన హైదరాబాద్‌లో ఎంత పొట్టి పగలైనా 11 గంటలుంటుంది. సెప్టెంబర్ 29న ఆస్ట్రేలియా పిల్లలకు మాత్రం వసంతం... పాపం, వాళ్ల డ్రాగన్‌కి చీకటే దొరకదు!

2017లో ఈ పండగా మన మహర్నవమీ ఒకే రోజు వచ్చాయి! అక్కడ మిఖాయేలు ఘటసర్పాన్ని గెలిస్తే, ఇక్కడ దుర్గమ్మ మహిషాసురుణ్ణి గెలిచిందన్నమాట.

ఒక్కరోజు గుర్రపు దొంగలకు శిక్ష లేదు! స్కాట్లాండ్ పడమటి దీవుల్లో ఒకప్పుడు మైకేల్‌మస్ సవారీ కోసం పొరుగువాడి గుర్రాన్ని చెప్పకుండా తోలుకెళ్లినా తప్పు కాదు, తిరిగి అప్పగిస్తే చాలు. అప్పట్లో అదే పండక్కి ఆడవాళ్లు మగవాళ్లకిచ్చిన కానుక ఏమిటో తెలుసా? క్యారెట్లు!

ఈ పండగ దాటాక బ్లాక్‌బెర్రీ తినకూడదని ఇంగ్లండ్ పెద్దల మాట! మిఖాయేలు స్వర్గం నుంచి తోసేసిన సైతాను సరిగ్గా ఆ ముళ్లపొద మీదే పడి, కోపంతో పళ్లన్నిటి మీదా ఉమ్మేశాడట. నిజానికి అప్పటికి చలికీ తడికీ ఆ పళ్లు బూజు పట్టి చప్పబడతాయి. నింద మాత్రం సైతానుది!